ఇంజిన్ పని చేయించాక కారు స్టార్ట్ కావట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజిన్ దించి, బోరింగ్ (సిలిండర్ లోపలి గోడ కోయించడం) చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి వేసి, హెడ్ (సిలిండర్ల పై మూత) అడుగు చదును చేసే ఫేసింగ్ పెట్టించి, అన్నీ బిగించి తాళం తిప్పితే బండి లేవదు. అప్పటికే చేతిలో డబ్బు అయిపోయి ఉంటుంది, ఓపిక కూడా. ఆ కంగారులో ఆగకుండా సెల్ఫ్ కొట్టడం, నలుగురిని పిలిచి తోయించడం, స్ప్రే కొట్టడం మొదలవుతాయి. కొత్తగా కట్టిన ఇంజిన్‌కు అసలు దెబ్బ తగిలేది అక్కడే.

షెడ్డులో మమ్మల్ని అడిగేవి ఎప్పుడూ ఇవే సందేహాలు కాబట్టి ఒకచోట రాసి పెట్టాం. మా అభిప్రాయం ముందే చెబుతాం. విప్పకముందు లేని తప్పు విప్పాక కనబడితే, అది చెయ్యి పడిన చోటే ఉంటుంది. పెట్టడం మరిచిన ఎర్త్ వైరు, సరిగా కూర్చోని సెన్సర్, ఒక పన్ను జరిగిన టైమింగ్ (పిస్టన్లకూ వాల్వులకూ కుదరాల్సిన వరస), ఇలాంటివి ఒక్కొక్కటీ తేల్చుకున్న తర్వాతే ఇంజిన్ మళ్ళీ దించే మాట ఎత్తాలి.

## మొదటిసారి సెల్ఫ్ కొట్టే ముందు

బిగించడం అయిపోయింది. ఇక తాళం తిప్పేయొచ్చా?

వద్దు. ముందు ప్లగ్గులు తీసేసి (డీజిల్ అయితే హీటర్ ప్లగ్గులు), క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీ బోల్టుకు రెంచ్ పెట్టి ఇంజిన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితేనే అన్ని వాల్వులూ ఒకసారి తెరుచుకుని మూసుకుంటాయి. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలం పెట్టకండి. అది వాల్వు వెళ్ళి పిస్టన్‌కు తగలడం కావచ్చు. చేత్తో తిప్పినప్పుడు తగిలితే ఆపి టైమింగ్ సరిచేసుకోవచ్చు, సెల్ఫ్‌తో తగిలితే వాల్వు వంగుతుంది.

తర్వాత ఆయిల్ ప్రెషర్. ఫ్యూయల్ పంపు ఫ్యూజు, ఇంజెక్టర్ల కనెక్టర్లు, కాయిల్ కనెక్టర్లు తీసి, ప్లగ్గులు లేకుండానే ఒక్కోసారి పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టి, మధ్యలో నిమిషం ఆపుతూ, ఆయిల్ లైటు ఆరేదాకా చూడండి. ప్లగ్గులు లేకపోతే ఇంజిన్‌పై భారం ఉండదు, ఆయిల్ పంపు గ్యాలరీలన్నీ (ఇంజిన్ లోపలి ఆయిల్ దారులు) నింపుతుంది. కొత్త బేరింగ్ షెల్స్‌కు ఆయిల్ అందని మొదటి క్షణాలే అత్యంత ప్రమాదకరమైనవి.

చేత్తో తిప్పితే ఇంజిన్ చాలా బిగువుగా ఉంది. కొత్త రింగులకు ఇంతేనా?

కొంత బిగువు సహజమే. ప్లగ్గులు తీసినప్పుడు మామూలు పొడవు రెంచ్‌తో ఒక మనిషి నింపాదిగా తిప్పగలగాలి, ఆ బిగువు చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకచోట తేలిగ్గా తిరిగి ఇంకోచోట పట్టేస్తే అది రింగుల బిగువు కాదు. కనెక్టింగ్ రాడ్ క్యాపులు ఒకదానివి ఇంకోదానికి పెట్టినా, క్యాపు తిరగేసి బిగించినా, మెయిన్ బేరింగ్ క్యాపుల వరస తప్పినా ఇలా పట్టేస్తుంది. క్యాపుల మీద నంబర్లు, బాణం గుర్తులు ఉండేది అందుకే. బేరింగ్‌కూ క్రాంక్‌కూ మధ్య సందు మామూలు కార్లలో 0.02 నుంచి 0.05 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ప్లాస్టిగేజ్ అనే సన్నటి మైనం దారం పెట్టి బిగించి విప్పితే అది ఎంత నలిగిందో చూసి కొలవొచ్చు.

“నాలుగుసార్లు సెల్ఫ్ కొడితే వదులవుతుందిలే” అనే మాట వినకండి. అలా వదులయ్యేది బేరింగ్ పైపూత అరిగే.

బండి నాలుగు నెలలు షెడ్డులోనే ఉంది. ట్యాంకులో పెట్రోలు పాడవుతుందా?

అవుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీళ్ళు ఎక్కువైతే ఇథనాల్, నీళ్ళు కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి. పంపు లాగేది ఆ అడుగునుంచే. ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే రైలు దగ్గర గొట్టం తీసి గాజు సీసాలోకి కొంచెం పట్టి పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపించినా, వార్నిష్ లాంటి పుల్లటి వాసన వచ్చినా ట్యాంకు ఖాళీ చేసి తాజా పెట్రోలు పోయించండి.

## సెల్ఫ్ సరిగ్గా తిరగట్లేదు

తాళం తిప్పితే ‘టక్’ మని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోతోంది. ఇంజిన్ పట్టేసిందా?

ఆ మాట అనే ముందు బ్యాటరీ చూడండి. ఇంజిన్ పని జరిగినన్నాళ్ళూ బ్యాటరీ మూలన పడి ఉండి ఉంటుంది. నిండుగా ఛార్జ్ ఉంటే మీటరులో 12.6 వోల్టులు చూపాలి, 12.2 అంటే సగమే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందకు పడిపోతే బ్యాటరీ బలహీనమైనదో, సెల్ఫ్ మోటారు అతిగా కరెంటు లాగుతోందో అయ్యుండాలి. బ్యాటరీ బాగుండి, హెడ్‌లైట్లు బాగా మందగిస్తూ ‘టక్’ అంటుంటే సెల్ఫ్ మోటారైనా పట్టేసి ఉండాలి, ఇంజిన్ అయినా తిరగకూడని స్థితిలో ఉండాలి. ప్లగ్గులు తీసి చేత్తో తిప్పితే ఈ రెండింటిలో ఏదో ఐదు నిమిషాల్లో తేలుతుంది.

సెల్ఫ్ బరువుగా లాగుతోంది, కొత్త బ్యాటరీ పెట్టినా అంతే. ఏం చేయాలి?

ఇంజిన్ దించిన బండికి ఈ లక్షణం ఉంటే ముందు ఎర్త్ వైరునే అనుమానించండి. సెల్ఫ్ మోటారుకు కావలసిన కరెంటు చిన్న కార్లలోనే వంద ఆంపియర్లు దాటుతుంది. అదంతా ఇంజిన్ బ్లాకు నుంచి బ్యాటరీ నెగటివ్‌కు ఒక లావాటి అల్లిక వైరు ద్వారా తిరిగి వెళ్ళాలి. ఇంజిన్ దించేటప్పుడు ఆ వైరు తీస్తారు. ఎక్కించేటప్పుడు మౌంటింగులు, షాఫ్టులు, పైపులు అన్నీ గుర్తుంటాయి, అది మాత్రం ఏ బోల్టు కిందో వేలాడుతూ ఉండిపోతుంది. లేదా కొత్తగా పెయింటు వేసిన బ్లాకు మీద బిగిస్తారు, పెయింటు మీద ఎర్త్ అందదు.

అప్పుడు కరెంటు దారి వెతుక్కుని యాక్సిలరేటర్ కేబులు, గేరు కేబులు మీదుగా పోతుంది. సెల్ఫ్ కొట్టాక ఆ కేబుళ్ళు వేడెక్కినా, పొగ వచ్చినా అనుమానం తీరిపోయినట్టే.

పరీక్ష తేలిక. జంపర్ కేబులు ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొన ఇంజిన్ బ్లాకు మీద పెయింటు లేని ఇనుముకు పెట్టి సెల్ఫ్ కొట్టండి. ఒక్కసారిగా చురుగ్గా తిరిగితే తప్పు దొరికింది. అల్లిక వైరు రెండు కొనలూ ఇసుక కాగితంతో మెరిసేలా రుద్ది బిగించండి. పాతది నల్లబడి తెగుతూ ఉంటే మార్చేయండి, దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

డాష్‌బోర్డులో లైట్లన్నీ వెలుగుతున్నాయి, సెల్ఫ్ మాత్రం చప్పుడే లేదు

సెల్ఫ్ మోటారు మీద లావు వైరు పక్కన చిన్న వైరు ఒకటి ఉంటుంది. తాళం తిప్పినప్పుడు దాని ద్వారానే ఆజ్ఞ వెళ్తుంది. గేర్‌బాక్స్ ఎక్కించాక అది పెట్టడం మరిచిపోతుంటారు, పెట్టినా నొక్కుకుని తెగుతుంటుంది. టెస్ట్ ల్యాంపు పెట్టి, ఒకరు తాళం తిప్పుతుంటే ఆ కొన దగ్గర వెలుగుతుందో లేదో చూడండి. వెలిగితే సెల్ఫ్ మోటారు విప్పాలి. వెలగకపోతే ఫ్యూజు, రిలే, క్లచ్ పెడల్ స్విచ్, ఆటోమేటిక్ బండి అయితే గేరు పొజిషన్ స్విచ్ చూడాలి.

సెల్ఫ్ ఒక అరచుట్టు తిరిగి గోడకు గుద్దినట్టు ఆగిపోయింది

వెంటనే ఆపండి. సిలిండర్‌లో నీళ్ళో, ఆయిలో, పెట్రోలో నిండి ఉండొచ్చు. గాలి నలుగుతుంది, నీళ్ళు నలగవు. అలాంటప్పుడు బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండిని తోయడం అసలే వద్దు.

అన్ని ప్లగ్గులూ తీసి, రంధ్రాల మీద గుడ్డ కప్పి, ఇగ్నిషన్ కనెక్టర్లు తీసేసి, మనుషులు పక్కకు జరిగాక క్షణం సెల్ఫ్ కొట్టండి. ఏది బయటకు చిమ్మిందో దాన్నిబట్టి కారణం తెలుస్తుంది. కూలెంట్ అయితే హెడ్ గ్యాస్కెట్ తప్పుగా కూర్చోవడమో, హెడ్‌లో చీలికో. పెట్రోలు అయితే మూసుకోని ఇంజెక్టర్. ఆయిల్ అయితే కట్టేటప్పుడు ఎక్కువ పోసి ఉండొచ్చు, అది పెద్ద చిక్కు కాదు.

## పెట్రోల్ బండి: సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు

ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు

చెవితో మొదలుపెట్టండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌ను సెల్ఫ్ తిప్పుతుంటే ‘రుర్-రుర్-రుర్’ మని ఒకే లయలో భారం వినిపిస్తుంది. ప్రతి సిలిండర్ కంప్రెషన్ (పిస్టన్ గాలిని నలిపే ఒత్తిడి) దగ్గర సెల్ఫ్ కాస్త నెమ్మదించడమే ఆ లయ. లయ లేకుండా కుట్టుమిషనులా ‘గిర్ర్’ మని తేలిగ్గా తిరుగుతుంటే కంప్రెషన్ లేదు, అంటే టైమింగ్ తప్పిందో వాల్వులు మూసుకోవట్లేదో. లయలో ఒక దెబ్బ మిస్సవుతుంటే ఒక సిలిండర్‌లో తేడా.

లయ బాగుంటే ఆర్పీఎం ముల్లు కదులుతోందా, ప్లగ్గులో స్పార్క్ ఉందా, తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద పంపు రెండు మూడు సెకన్లు ‘జుయ్’ మంటోందా, ఈ వరసలో చూడండి. విడిభాగం కొనేది ఇవన్నీ చూసిన తర్వాతే.

సెల్ఫ్ కొడుతుంటే ఆర్పీఎం ముల్లు అస్సలు కదలట్లేదు. దాని అర్థం ఏమిటి?

చాలా కార్లలో ఆ ముల్లు క్రాంక్ సెన్సర్ చెప్పిన మాటనే చూపిస్తుంది. ముల్లు లేవలేదంటే ఇంజిన్ తిరుగుతున్న సంగతి ఈసీఎంకు (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరుకు) తెలియట్లేదు. దానికి తెలియకపోతే స్పార్క్ ఇవ్వదు, ఇంజెక్టర్ తెరవదు. స్కానర్ (ఈసీఎంలోని సమాచారం చదివే పరికరం) ఉంటే లైవ్ డేటాలో చూడండి, సెల్ఫ్ కొట్టినప్పుడు 200 నుంచి 300 మధ్య ఆర్పీఎం కనిపించాలి. సున్నా చూపిస్తే, లేదా క్రాంక్ సెన్సర్ తప్పును చెప్పే పి0335 కోడ్ వస్తే దారి అటే.

కొత్త సెన్సర్ కొనే ముందు మూడు చోట్లు చూడండి. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు బెల్ హౌసింగ్‌కూ బ్లాకుకూ మధ్య సెన్సర్ వైరు నలిగిందా? సెన్సర్ కొనకు ఇనుప రజను అంటుకుందా, లేక సెన్సర్ పూర్తిగా లోపలికి కూర్చోలేదా? ఫ్లైవీల్ మీదున్న పళ్ళ చక్రం దెబ్బతిందా? కొన్ని ఇంజిన్లలో ఫ్లైవీల్ ఒకే స్థానంలో కూర్చుంటుంది, కొన్నింటిలో తప్పు స్థానంలో కూడా బోల్టులు పట్టేస్తాయి. అలా బిగిస్తే ఆర్పీఎం కనిపిస్తుంది గానీ స్పార్క్ రావలసిన సమయానికి రాదు.

స్పార్క్ ఉంది, పెట్రోలు వస్తోంది, అయినా అందుకోవట్లేదు. ఇంకేముంది?

టైమింగ్. ఇంజిన్ పని తర్వాత వచ్చే ‘అన్నీ ఉన్నాయి కానీ స్టార్ట్ కాదు’ అనే ఫిర్యాదుకు ముందు చూడాల్సింది ఇదే.

క్రాంక్, క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) ఒకదానికొకటి ఎక్కడ ఉండాలో కంపెనీ గుర్తులు పెట్టి ఇస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు. ఆ రెండింటినీ కలిపే బెల్టు వేసేటప్పుడు టెన్షనర్ (బెల్టును బిగువుగా పట్టేది) వైపు వదులు ఉండిపోతే, టెన్షనర్ బిగించగానే క్యామ్ ఒక పన్ను జరుగుతుంది. ఒక పన్ను తేడా ఉన్నా చాలా బండ్లు స్టార్ట్ అవుతాయి, వణుకుతూ బలం లేకుండా నడుస్తాయి. రెండు మూడు పళ్ళు జరిగితే స్టార్ట్ కావు. అంతకు మించితే వాల్వులు పిస్టన్లకు తగిలే ఇంజిన్లు చాలా ఉన్నాయి. మారుతి కె-సిరీస్ లాంటి చైన్ ఇంజిన్లలో బెల్టు తెగే భయం లేదు కానీ, కొత్త టెన్షనర్‌కు పెట్టి వచ్చే పిన్ను లాగడం మరిచిపోతే చైన్ వదులుగానే ఉండి పన్ను దాటుతుంది.

కవరు తీసి, ఇంజిన్‌ను తిరగాల్సిన దిక్కులోనే చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ చూడండి. బెల్టు వేయగానే చూసిన గుర్తులు లెక్కలోకి రావు, రెండు చుట్ల తర్వాత కూడా కలవాలి. ఎగ్జాస్ట్ క్యామ్ గుర్తునూ ఇన్‌టేక్ గుర్తునూ తారుమారుగా చదివిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి మీ ఇంజిన్ బొమ్మ దగ్గర పెట్టుకోండి. స్కానర్‌లో పి0016 వస్తే క్రాంక్, క్యామ్ మాటలు కలవట్లేదని ఈసీఎమ్మే చెబుతున్నట్టు.

ఎయిర్ ఫిల్టర్ వైపునుంచి ‘ఠప్’ మని పేలుతోంది

ఇన్‌టేక్ వాల్వు తెరిచి ఉండగా మంట అంటుకుంటోంది. ప్లగ్గు వైర్లు లేదా కాయిల్ కనెక్టర్లు వరస మారి ఉంటాయి. నాలుగు సిలిండర్ల కార్లలో మామూలు ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, మూడు సిలిండర్ల మారుతి 800లో 1-3-2. డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత బండి అయితే దాన్ని అరచుట్టు తేడాతో దించేశారేమో చూడండి, ఈ పొరపాటు చాలా మామూలు. వరస సరిగ్గా ఉన్నా పేలుతుంటే క్యామ్ టైమింగ్ చూడాలి.

ప్లగ్గులు తీస్తే పెట్రోలుతో తడిసిపోయి ఉన్నాయి

పెట్రోలు పడుతోంది, అంటుకోవట్లేదు. ప్లగ్గులు ఆరబెట్టి పెట్టాక, యాక్సిలరేటర్‌ను పూర్తిగా అదిమిపెట్టి పది సెకన్లు సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజెక్షన్ బండ్లలో అలా తొక్కితే ఈసీఎం పెట్రోలు ఆపేసి గాలి మాత్రమే లోపలికి పంపుతుంది.

ఇంకో సంగతి. ఎక్కువసేపు ఇలా తడిసిన ఇంజిన్‌లో గోడల మీది ఆయిల్ పొర కడుక్కుపోతుంది, కొత్త రింగులు పొడిగా రాసుకుంటాయి. ప్రతి ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి చేత్తో తిప్పండి. డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోలు వాసన గట్టిగా వస్తే ఆ ఆయిల్‌తో బండి నడపకూడదు, మార్చేయాలి.

కొత్త రింగులు వేశాం. అయినా కంప్రెషన్ రావట్లేదంటున్నారు. నమ్మాలా?

గేజ్ పెట్టి మీ ఎదుటే చూపించమనండి. ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, నిండు బ్యాటరీతో ఒక్కో సిలిండర్‌కు ఐదారు కొట్టుళ్ళు. పెట్రోలు కార్లకు 170 నుంచి 200 పీఎస్ఐ మంచి కొలత. కొత్త రింగులు ఇంకా సర్దుకోలేదు కాబట్టి కొంత తక్కువ రావచ్చు, 130-140 వచ్చినా బండి స్టార్ట్ కావాలి.

అన్నింటిలోనూ ఒకేలా బాగా తక్కువ వస్తే రింగుల్ని తిట్టకండి, టైమింగ్ చూడండి. ఒక్క సిలిండర్‌లోనే తక్కువైతే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. పెరిగితే రింగుల దగ్గర, పెరగకపోతే వాల్వుల దగ్గర లీకు. వాల్వు సీట్లు కోయించాక టాపెట్ సందు (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) తగ్గిపోతుంది, దాన్ని మళ్ళీ సెట్ చేయకుండా బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలోనే తక్కువైతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పట్టలేదు.

తాళం గుర్తు లైటు మెరుస్తూ ఉంది. దీనికీ ఇంజిన్ పనికీ సంబంధం ఏమిటి?

నేరుగా లేదు, కానీ ఇంజిన్ దించేటప్పుడు ఈసీఎం కనెక్టర్లు తీసి ఉంటారు. అది సరిగా కూర్చోకపోయినా, వేరే బండి ఈసీఎం పెట్టి చూసినా ఇమ్మొబిలైజర్ (దొంగ తాళంతో బండి లేవకుండా ఆపే ఏర్పాటు) తాళాన్ని గుర్తుపట్టదు. అప్పుడు కొన్ని కార్లు అసలు అందుకోవు, కొన్ని రెండు సెకన్లు నడిచి ఆగిపోతాయి. రెండో తాళంతో ప్రయత్నించండి. అదీ పనిచేయకపోతే తాళాన్ని ఈసీఎంకు మళ్ళీ నేర్పించాలి.

స్కానర్‌లో ఏ కోడూ రావట్లేదు. అంటే ఇంజిన్ లోపలే తప్పుందా?

అలా తేల్చలేం. స్కానర్ కరెంటు సంగతులు చెబుతుంది. పోర్టులో కుక్కిన గుడ్డపేలిక సంగతి దానికి తెలియదు. హెడ్ తీసినప్పుడు చెత్త పడకుండా ఇన్‌టేక్‌లో, ఎగ్జాస్ట్‌లో గుడ్డలు కుక్కుతారు. ఒకటి లోపల ఉండిపోయినా గాలి ఆడదు, బండి అందుకోదు. ఎన్ని గుడ్డలు కుక్కారో అన్నీ తీశారా అని అడగడంలో తప్పేమీ లేదు. అలాగే ఒకే రకం మూతి ఉన్న కనెక్టర్లు పక్కపక్కన ఉంటే అటూ ఇటూ మారుతాయి, రెండు సెన్సర్లూ ఏదో ఒక విలువ చూపిస్తూనే ఉంటాయి. చల్లటి ఇంజిన్‌లో కూలెంట్ వేడి 110 డిగ్రీలని లైవ్ డేటా చూపిస్తే కోడ్ లేకపోయినా తప్పు అక్కడే.

## డీజిల్ బండి అయితే

ఎంత సెల్ఫ్ కొట్టినా సైలెన్సర్‌లోంచి పొగ కూడా రావట్లేదు

పొగ లేదంటే డీజిల్ లోపల పడట్లేదు. పైపులన్నీ విప్పారు కాబట్టి ఎయిర్ లాక్ (పైపుల్లో గాలి చిక్కుకోవడం) అయ్యుంటుంది. ఫిల్టర్ దగ్గరున్న చేతి పంపును గట్టిపడేదాకా నొక్కండి, ఫిల్టర్ మీది గాలి స్క్రూ వదులు చేస్తే బుడగలు ఆగేదాకా డీజిల్ పోనివ్వండి. కామన్ రైల్ ఇంజిన్లలో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే రైలు నుంచి డీజిల్ అందేవి) రైలు ప్రెషర్ సుమారు 200 బార్ దాటితేగానీ ఈసీఎం ఇంజెక్టర్లను తెరవదు. స్కానర్‌లో సెల్ఫ్ కొడుతూ చూస్తే తెలుస్తుంది. యాభై దగ్గరే ఆగిపోతే గాలి, రైలు మీది వాల్వు, లేదా ఏదో ఒక ఇంజెక్టర్ డీజిల్‌ను రిటర్న్ పైపులోకి వదిలేయడం. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్‌కు చిన్న సీసా తగిలించి కొడితే, ఏది ఎక్కువ నిండిందో అది దొంగ.

తెల్ల పొగ దట్టంగా వస్తోంది, కానీ అందుకోవట్లేదు

డీజిల్ పడుతోంది, కాలట్లేదు. కాలాలంటే గాలి నలిగి వేడెక్కాలి. కంప్రెషన్ 350 పీఎస్ఐ పైన ఉందా, హీటర్ ప్లగ్గులకు కరెంటు వస్తోందా, ఇంజెక్టర్ కింద రాగి వాషరు పెట్టారా, ఈ మూడూ చూడండి. 1.3 లీటర్ల మల్టీజెట్‌లో (స్విఫ్ట్ డీజిల్, ఇండికా విస్టాల్లో వచ్చినది) టైమింగ్‌ను లాకింగ్ పిన్నులు పెట్టి సెట్ చేయాలి. అవి లేకుండా కంటిచూపుతో కట్టిన ఇంజిన్ అయితే అనుమానం అటే పెట్టుకోండి. ఆ పొగ తియ్యటి వాసన వస్తే అది డీజిల్ కాదు, కూలెంట్. హెడ్ గ్యాస్కెట్ చూడాలి.

ఇంజెక్టర్ పైపు నట్లు వదులు చేసి గాలి తీయమంటున్నారు. చేయొచ్చా?

పాత రకం పంపు ఉన్న డీజిళ్ళకూ ట్రాక్టర్లకూ ఆ పద్ధతి చెల్లేది. కామన్ రైల్ బండికి చేయకండి. ఆ పైపుల్లో నడిచే ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి చిన్న సూది గాయంలా కనిపించి, చేతిని తీసేయాల్సి వచ్చేంత ప్రమాదం లోపల జరుగుతుంది. అలాంటి గాయం అయితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ఇంజెక్టర్లు ఒకదాని స్థానంలో ఇంకోటి పెట్టేశారట. ఫరవాలేదా?

చాలా కామన్ రైల్ ఇంజెక్టర్ల మీద ఒక్కోదానికి విడి కోడ్ చెక్కి ఉంటుంది. అది ఏ సిలిండర్‌లో ఉందో ఈసీఎంలో రాయాలి. రాయకపోయినా సాధారణంగా బండి స్టార్ట్ అవుతుంది, వణుకు, శబ్దం, పొగ ఉంటాయి. కాబట్టి స్టార్ట్ కాకపోవడానికి ఇదొక్కటే కారణమని ఎవరైనా అంటే ఇంకా వెతకమనండి.

తోసి స్టార్ట్ చేద్దామా? స్ప్రే కొడదామా?

రెండూ వద్దు. టైమింగ్ మీద అనుమానం ఉన్న బండిని తోస్తే, సెల్ఫ్ కంటే ఎక్కువ బలంతో వాల్వుల్ని పిస్టన్లకు గుద్దించినట్టు. హీటర్ ప్లగ్గులున్న డీజిల్‌లో ఈథర్ స్ప్రే కొడితే ఎర్రగా కాలిన ప్లగ్గుకు తగిలి ముందే పేలుతుంది, రింగులు, పిస్టన్ పగలొచ్చు. పెట్రోల్ బండిలో మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది.

## స్టార్ట్ అయింది, కానీ...

స్టార్ట్ అయ్యాక ఆయిల్ లైటు ఆరట్లేదు. కొంచెం సేపు నడిపి చూద్దామా?

ఐదు నుంచి పది సెకన్లు చూడండి. ఆరకపోతే ఆపేయండి, రేసు చేయకండి. ఆయిల్ స్ట్రెయినర్ సీలు పెట్టకపోవడం, పంపులో గాలి, ఫిల్టర్ తప్పు రకం, స్విచ్ వైరు ఊడటం, వీటిలో ఏదైనా కావచ్చు. స్విచ్ తీసి ఆ రంధ్రానికి గేజ్ బిగిస్తే అసలు ప్రెషర్ తెలుస్తుంది. స్విచ్ పాడైందన్న మాట గేజ్ చూశాకే నమ్మండి.

చల్లగా ఉంటే స్టార్ట్ అవుతుంది. వేడెక్కి ఆపితే గంటదాకా లేవదు

రెండు రకాలు. సెల్ఫ్ బరువెక్కి తిరగకపోతే బేరింగుల్లోనో, పిస్టన్ సందులోనో బిగువు ఎక్కువైంది, వేడికి లోహం వ్యాకోచించి పట్టేస్తోంది. ఇది లేత్ వాళ్ళు కొలతల దగ్గర చూడాల్సిన పని, నడిపితే పోయేది కాదు. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ అందుకోకపోతే వేడికి క్రాంక్ సెన్సర్ మాట మానేస్తోంది. సెన్సర్ మీద చల్లటి తడిగుడ్డ వేసి పది నిమిషాలాగి కొట్టండి. లేస్తే సెన్సర్ మార్చండి.

పైనుంచి టకటకమని శబ్దం వస్తోంది

హైడ్రాలిక్ టాపెట్లు ఉన్న ఇంజిన్ అయితే ఆయిల్ నిండేదాకా కొద్ది నిమిషాలు వస్తుంది, ఆపై తగ్గాలి. కిందనుంచి లోతుగా ‘దబదబ’ వస్తే అది వేరు, ఆపేయండి.

## వరద బండ్లు, బిల్లులు, బాధ్యతలు

వరదలో మునిగిన బండి. ఇంజిన్ అంతా కొత్తగా చేయించినా స్టార్ట్ కావట్లేదు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో బండ్లు రోజుల తరబడి నీళ్ళలో నిలిచాయి. అలాంటి బండ్లలో ఇంజిన్ ఒక్కటే బాగుచేస్తే సరిపోదు. బురదనీళ్ళు వైర్ల మీది పూత లోపల పాకుతూ కనెక్టర్లలోకి చేరతాయి, నెలల తర్వాత పచ్చటి చిలుము పడుతుంది. డాష్‌బోర్డు కింద, సీట్ల కింద, ఇంజిన్ గదిలో ఉన్న ప్రతి కనెక్టరూ విప్పి చూడాలి. ఫ్యూజు బాక్సును పైనుంచి కాక తిప్పి వెనకనుంచి చూడాలి. ట్యాంకులో నీళ్ళు ఉన్నాయేమో చూడాలి. ఎగ్జాస్ట్‌లో ఒండ్రు ఎండి గట్టిపడితే గాలి బయటికి పోదు, మేనిఫోల్డ్ దగ్గర పైపు వదులు చేసి కొట్టి చూడండి, అందుకుంటే కారణం అదే.

మెకానిక్ అది వైరింగ్ తప్పంటాడు, ఎలక్ట్రీషియన్ ఇంజిన్ తప్పంటాడు. ఎవరిని నమ్మాలి?

మాటలు కాదు, కొలతలు అడగండి. అన్ని సిలిండర్ల కంప్రెషన్, టైమింగ్ గుర్తులు కలిసిన ఫోటో మెకానిక్ చూపాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు వోల్టేజీ, ఆర్పీఎం, ఫ్యూయల్ ప్రెషర్, స్పార్క్ ఎలక్ట్రీషియన్ చూపాలి. ఈ ఆరూ ఒక కాగితం మీద రాస్తే తప్పు ఎటుందో వాళ్ళిద్దరికీ కనిపిస్తుంది. ఇద్దరినీ ఒకే గంటలో బండి దగ్గర నిలబెట్టండి, ఒకరి వెనక ఒకరిని పిలిస్తే తెగదు.

బండి స్టార్టే కాలేదు. బిల్లు కట్టకుండా తెచ్చుకోవచ్చా?

పని పూర్తిచేసిన మరమ్మతుదారు తన కూలి అందేదాకా బండిని ఉంచుకోవచ్చని 1872 భారత కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షన్ చెబుతుంది. అయితే అది ఒప్పుకున్న పనిని సరిగా పూర్తిచేసినవాడికి ఉన్న హక్కు. కాబట్టి గొడవ పడకుండా, ఏ పని ఒప్పుకున్నారు, ఏ భాగాలు వేశారు, ఇప్పుడు బండి పరిస్థితి ఏమిటి అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. తీసేసిన పాత భాగాలు అడిగి తెచ్చుకోండి. మాటతో తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే కమిషన్‌కు ఫీజు లేదు.

మళ్ళీ విప్పాల్సి వస్తే ఇన్సూరెన్స్ ఇస్తుందా?

మామూలు పాలసీలో యంత్రం తనంతట తాను పాడవడం, మరమ్మతులో జరిగిన లోపం వర్తించవు. నీళ్ళు చేరి ఇంజిన్ పట్టేస్తే కూడా, ఇంజిన్ రక్షణ కోసం విడిగా కట్టే యాడ్-ఆన్ ఉంటేనే ఇస్తారు. అది కూడా, మునిగిన బండికి సెల్ఫ్ కొట్టి పాడుచేశారని సర్వేయరు తేలిస్తే క్లెయిము కష్టమవుతుంది. ఇంజిన్ మళ్ళీ విప్పాలంటే పాలసీ కాగితం చదివి, సర్వేయరు చూశాకే విప్పించండి.